రెండు, మూడేళ్ల పిల్లలు సర్కిల్ టైమ్‌లో కూర్చోవడం లేదు, కొరుకుతున్నారు: క్లాసు ఎలా నడపాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ప్లేస్కూల్లో రెండు నుంచి మూడేళ్ల మధ్య పిల్లలు పన్నెండు మంది, టీచర్లు ఇద్దరు. పొద్దున అరగంట సర్కిల్ టైమ్ (అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి పాటలు, కబుర్లతో గడిపే సమయం) పెడితే ఐదు నిమిషాలకే సగం మంది లేచిపోతున్నారు. ఒకరి చేతిలోది ఒకరు లాక్కుంటున్నారు, రోజూ ఎవరో ఒకరు కొరుకుతున్నారు. తల్లిదండ్రులేమో అక్షరాలు, అంకెలు ఎప్పుడు మొదలుపెడతారని అడుగుతున్నారు. ఏం మార్చాలి?

సూటిగా చెప్పాలంటే: అరగంట సర్కిల్ టైమ్ తీసేసి ఐదు నుంచి ఏడు నిమిషాలది పెట్టండి, అదీ ఇష్టమైనవాళ్లే వచ్చి కూర్చునేలా. పన్నెండు మందీ ఒకేసారి ఒకే పని చేయాల్సిన ఘట్టాలు రోజులో ఎన్ని ఉన్నాయో చూసి, వాటిని చిన్న గుంపులుగా విడగొట్టండి. పిల్లలు ఊరికే నిలబడి ఎదురుచూసే సమయం ఎక్కడెక్కడ ఉందో రాసుకుని దాన్ని కోసేయండి. అక్షరాలు, అంకెలు రాయించడం ఈ ఏడాది వద్దు. ఇంతటితో కొరకడాలు, లాక్కోవడాలు పూర్తిగా పోవు. కానీ మీరు పిల్లల తప్పు అనుకుంటున్న గోలలో చాలా భాగం టైమ్‌టేబుల్ తప్పు.

ఒక్క చేతులు కడిగించే పనే తీసుకోండి. సబ్బుతో రుద్దడానికి 20 సెకన్లు. తడపడం, కడగడం, తుడవడం కూడా కలిపితే ఒక్కొక్కరికి నిమిషం. కుళాయి ఒకటే అయితే పన్నెండు మందికి పన్నెండు నిమిషాలు. చివర నిలబడ్డవాడు పదకొండు నిమిషాలు ఊరికే ఉండాలి. రోజుకి నాలుగుసార్లు చేతులు కడిగిస్తే ఈ పనికే ముప్పావుగంట పైన వరసలో పోతుంది. ఈ వయసువాళ్లు చేతిలో ఏమీ లేకుండా ఒకచోట నిలబడగలిగేది మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. మూడో నిమిషానికి ముందున్నవాడి జుట్టు చేతికందుతుంది.

అందుకే వరస అనేదే వద్దు. పిల్లలు ఆడుకుంటూ ఉండగా ముగ్గురిని మాత్రం పిలవండి. ఒక టీచరు కుళాయి దగ్గర కదలకుండా ఉండాలి, రెండో టీచరు నేల మీద మిగతావాళ్లతో కూర్చోవాలి. ముగ్గురి పని అయ్యాక వాళ్లు నేరుగా తినే బల్ల దగ్గరికో, బయటికి వెళ్లే తలుపు దగ్గరికో వెళ్లాలి. అక్కడ అప్పటికే ఏదో ఒకటి పెట్టి ఉండాలి: రెండు మూడు బొమ్మల పుస్తకాలు, లేకపోతే కాగితం, క్రేయాన్లు. ఖాళీ బల్ల దగ్గర కూర్చోబెడితే వరసను అక్కడికి మార్చినట్టే అవుతుంది. అన్నం గిన్నెలు, నీళ్లు, తుడిచే గుడ్డలు ముందే బల్ల మీద సర్ది ఉండాలి. పిల్లలు కూర్చున్నాక టీచరు చెంచాల కోసం లేవడం అనేది చాలా క్లాసుల్లో రోజూ జరిగే పొరపాటు.

ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు "ఇంకో ఐదు నిమిషాలు" అనడం వల్ల ఉపయోగం లేదు. రెండేళ్లవాడికి ఐదు నిమిషాలంటే ఎంతో తెలియదు. "ఇంకో రెండుసార్లు జారు, తర్వాత చేతులు కడుక్కుందాం" అంటే తెలుస్తుంది. ఒక్కో మార్పుకి ఒక్కో పాట పెట్టుకుని దాన్ని ఏడాదంతా మార్చకండి. మీకు విసుగొస్తుంది, వాళ్లకి రాదు.

సర్కిల్ టైమ్ ఎలా ఉండాలంటే: ప్రతి పిల్లవాడి పేరూ వచ్చే ఒక పలకరింపు పాట, సంచిలోంచి తీసి చూపించే ఒక వస్తువు, లేచి గెంతే ఒక పాట. అంతే. వస్తువు నిజమైనదై ఉండాలి: చెంచా, తాళం, ఆకు, దువ్వెన. ప్లాస్టిక్ పండు కన్నా అసలు పండు మేలు, వాసన చూడొచ్చు. పిల్లల చూపు బొమ్మల అలమరా మీద పడకుండా మీరు ఖాళీ గోడకి ఆనుకుని కూర్చోండి, లేదా అలమరాకి గుడ్డ కప్పండి. లేచి వెళ్లిపోయిన పిల్లవాడిని చేయి పట్టుకుని లాక్కురావద్దు. పక్కనే నిశ్శబ్దంగా చేసుకునే పని ఒకటి ఉంటే చాలు. చాలామంది అక్కడి నుంచే పాట వింటుంటారు, కొన్ని రోజులకి వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చుంటారు. పడుకుని విన్నా, మోకాళ్ల మీద నిలబడి విన్నా వినడమే. ఏడాది చివరికి, మూడు దాటినవాళ్లు ఎక్కువగా ఉంటే పది నిమిషాలు చేయొచ్చు, అంతకన్నా వద్దు.

కథల పుస్తకం సర్కిల్ టైమ్‌లో పెట్టకండి. పన్నెండు మందికి బొమ్మ కనిపించదు, కనిపించనివాడు ముందుకొస్తాడు, తొక్కిసలాట మొదలవుతుంది. ముగ్గురు నలుగురితో నేల మీద కూర్చుని చదవండి. చదవడం అంటే అక్షరం పొల్లుపోకుండా చదవడం కాదు. బొమ్మ చూపించి "ఇదేంటి?" అని అడిగి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ఆగండి. ఆగడమే ఇందులో కష్టమైన భాగం, పెద్దవాళ్లు ఒక్క సెకనుకే జవాబు చెప్పేస్తారు. పిల్లవాడు "కుక్క" అంటే మీరు "అవును, నల్ల కుక్క. పరిగెడుతోంది" అనండి. అతని మాట తీసుకుని, దానికి రెండు మాటలు చేర్చి తిరిగి ఇవ్వడం అన్నమాట. 1988లో అమెరికా మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్ల వయసు పిల్లల తల్లిదండ్రులకి ఈ పద్ధతి నేర్పి నెల రోజులు చేయించింది. మామూలుగా చదివి వినిపించినవాళ్ల పిల్లల కన్నా వీళ్ల పిల్లలు మాట్లాడడంలో ముందుకెళ్లారు. ఒకే పుస్తకాన్ని వారమంతా చదవండి. మూడో రోజుకి తర్వాతి పేజీలో ఏముందో వాళ్లే చెప్పేస్తారు, మాటలు పెరిగేది అప్పుడే.

ఇక గది. "షేర్ చేసుకోండి" అని రోజుకి యాభైసార్లు చెబుతుంటే, గదిలో వస్తువులు తప్పు లెక్కలో ఉన్నాయని అర్థం. ఈ వయసులో పిల్లలు ఎక్కువగా పక్కపక్కన ఆడుకుంటారు, కలిసి ఆడుకోవడం ఇంకా అలవడదు. పిల్లల ఆటని పరిశీలించిన పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే దీన్ని సమాంతర ఆట అని వర్ణించింది. పక్కవాడి చేతిలో ఏముంటే తనకీ అదే కావాలి. కాబట్టి ఎక్కువ గిరాకీ ఉన్న వస్తువు ఒకే రకానివి మూడు కొనండి. పది రకాల బొమ్మలు ఒక్కొక్కటి కన్నా, నాలుగు రకాలు మూడేసి ఉండడం నయం. పన్నెండు మందికి ఏ క్షణంలోనైనా కనీసం ఇరవై మంది ఆడుకునేంత చోటు, పని ఉండాలి. అప్పుడు ఒకచోటు నిండితే ఇంకోచోటికి వెళ్తారు. బుట్టకి ఆరు నుంచి ఎనిమిది వస్తువులు చాలు. నలభై బ్లాకులున్న డబ్బా ఇస్తే బోర్లించడమే ఆట అవుతుంది. రెండు వారాలకోసారి మూడో వంతు బొమ్మలు మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది ఎక్కడుందో తెలియక బెంబేలెత్తుతారు.

గది మధ్యలో తలుపు నుంచి గోడ దాకా ఖాళీ దారి ఉందేమో చూడండి. ఉంటే వాళ్లు పరిగెత్తుతారు, "పరిగెత్తొద్దు" అన్న మాట ఆ దారి ముందు నిలవదు. ఒక పొట్టి అలమరాని అడ్డంగా తిప్పండి, పరుగు ఆగిపోతుంది. ఒక్కరే దూరి కూర్చునేంత మెత్తటి మూల ఒకటి ఉండాలి, లోపల ఎవరున్నారో మీకు కనిపించాలి. పరుగు తీరేది బయటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం ఈ వయసు పిల్లలకి రోజంతా కలిపి కనీసం 180 నిమిషాల కదలిక కావాలి. అందుకని బడిలో రెండుసార్లు, ఒక్కోసారి ముప్పావుగంట బయట గడిపేలా చూసుకోండి. అవే మార్గదర్శకాలు రెండేళ్లు దాటినవాళ్లకి తెర ముందు కూర్చునే సమయం రోజుకి గంట మించకూడదంటాయి. ఆ గంట ఇంట్లో ఎలాగూ అయిపోతుంది, బడిలో సున్నా ఉంచండి.

భద్రత గురించి రెండు మాటలు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకి అమెరికాలో వాడే పరీక్ష గొట్టం వ్యాసం సుమారు 3.2 సెంటీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేసే వస్తువు ఏదైనా గొంతుకి అడ్డం పడొచ్చు. క్లాసులో మూడు దాటినవాళ్లు ఉన్నా రెండేళ్లవాళ్ల లెక్కే పాటించాలి. నీళ్ల ఆటకి తొట్టిలో ఐదు సెంటీమీటర్ల నీళ్లు చాలు, ఒక టీచరు దాని పక్క నుంచి కదలకూడదు, ఆట అయిన మరుక్షణం తొట్టి బోర్లించాలి.

కొరకడం. తల్లిదండ్రులకి అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కొరకడానికి కారణం ఒకటే ఉండదు: పళ్లు వస్తుండడం, మాట రాకపోవడం, ఆకలి, నిద్ర, ఇరుకు, కొరికితే అందరూ ఉలిక్కిపడతారన్న సరదా. కారణం తెలియకుండా మందు వేయలేరు. ఒక వారం పాటు ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి: ఎన్ని గంటలకి, గదిలో ఎక్కడ, ఎవరిని, దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది. చాలాసార్లు వారం తిరక్కుండానే సంగతి బయటపడుతుంది. భోజనానికి అరగంట ముందే జరుగుతోందంటే భోజనం పావుగంట ముందుకు జరపండి. అలమరా మూలలోనే జరుగుతోందంటే ఆ మూల వెడల్పు చేయండి. ఒక టీచరు డైపర్ మార్చడానికి వెళ్లినప్పుడే జరుగుతోందంటే సమస్య పిల్లల్లో లేదు, మనుషుల లెక్కలో ఉంది.

ఈ లెక్క గురించి ఇక్కడే చెప్పేస్తాను. అమెరికాలో చిన్నపిల్లల బడులకి ప్రమాణాలు పెట్టే ఎన్‌ఏఈవైసీ సంస్థ 21 నుంచి 36 నెలల పిల్లల గుంపు పన్నెండుకి మించొద్దని, ఒక టీచరుకి ఆరుగురికి మించొద్దని చెబుతుంది. ఇంగ్లండులో రెండేళ్ల పిల్లలకి ఒక పెద్దకి నలుగురు ఉండేది, 2023 సెప్టెంబరు నుంచి ఐదుగురి దాకా అనుమతించారు. మీరు ఇద్దరు, పిల్లలు పన్నెండు మంది. ఒకరు డైపర్ కోసం ఒక పిల్లవాడిని తీసుకెళ్తే రెండో టీచరు దగ్గర పదకొండు మంది మిగులుతారు. మూడో మనిషిని పూర్తి సమయానికి అడిగితే యాజమాన్యం ఒప్పుకోకపోవచ్చు. గోల ఎక్కువయ్యే రెండు గంటలకైనా, అంటే భోజనానికి ముందూ వెనకా, అడగండి. కొరికిన వేళలు రాసిన ఆ కాగితాన్నే చూపించండి. అదీ కుదరకపోతే డైపర్ బల్లని గది లోపలికి తిప్పి, మార్చే టీచరు మొహం గది వైపు ఉండేలా పెట్టండి.

కొరికిన క్షణంలో చేయాల్సింది: ముందు కొరికించుకున్న పిల్లవాడి దగ్గరికి వెళ్లండి. కొరికినవాడితో అతని కళ్ల ఎత్తుకి వంగి, గట్టిగా అరవకుండా, "కొరకకూడదు. నొప్పి పుడుతుంది" అని ఒక్క మాట అని పక్కకి తీసుకెళ్లండి. అంతకు మించి ఉపన్యాసం ఇస్తే అదే బహుమతి అవుతుంది. బలవంతంగా సారీ చెప్పించడం, మూలన కూర్చోబెట్టడం ఈ వయసులో ఏమీ నేర్పవు. "నువ్వూ కొరికి చూపించు" అనే సలహా ఎవరిచ్చినా వినకండి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. చర్మం తెగి రక్తం వస్తే ఇద్దరి తల్లిదండ్రులకీ చెప్పి డాక్టరుకి చూపించమనండి. కొరికింది ఎవరో రెండో కుటుంబానికి చెప్పకండి, ఎంత అడిగినా సరే. పేరు బయటికొస్తే ఆ పిల్లవాడికి క్లాసులో అదే ముద్ర పడిపోతుంది.

మళ్లీ మళ్లీ కొరికే పిల్లవాడికి వారం రోజులు ఒక టీచరు చేయి అందేంత దూరంలో ఉండాలి. నోరు తెరవడానికి ముందే ఆపడం, ఆపి మాట అందించడం ఆ టీచరు పని. "నాది", "వద్దు", "జరుగు" అనే మూడు మాటలు చాలు. మాట రానివాడికి అరచేయి అడ్డం పెట్టడం నేర్పండి. లాక్కోవడానికీ ఇదే మందు. బొమ్మని ముందు పట్టుకున్నవాడి దగ్గరే ఉంచి, రెండోవాడికి "అతను ఆడడం అయ్యాక నీకు" అని చెప్పి, అయ్యాక గుర్తుపెట్టుకుని తప్పకుండా ఇప్పించండి. ఒక్కసారి మర్చిపోతే మీ మాట మీద నమ్మకం పోతుంది, లాక్కోవడమే నయమని తేల్చుకుంటాడు.

మీరు అడగలేదు గానీ, పొద్దున ఏడుపుల సంగతి కూడా దీనికి ముడిపడి ఉంటుంది. ఏడుస్తూ మొదలైన క్లాసులో గోల ఎక్కువ. ప్రతి పిల్లవాడికీ ఇద్దరిలో ఒకరు "తన టీచరు" అవ్వాలి, దించిన ప్రతిరోజూ ఆవిడే అందుకోవాలి. వీడ్కోలు చిన్నదిగా ఉండాలి. తల్లిని కనిపించకుండా జారుకోమనొద్దు. ఒకసారి అలా జరిగితే, తర్వాత నెల రోజులు ఆ పిల్లవాడు తలుపు వైపే చూస్తుంటాడు. కొత్తగా చేరినవాళ్లని మొదటి వారం గంట, రెండు గంటలు చొప్పున పెంచుకుంటూ పోండి.

అక్షరాలు, అంకెల సంగతి. తల్లిదండ్రులతో వాదించకండి, చూపించండి. పిల్లవాడు ఒకటి నుంచి పది దాకా గడగడా చెబుతాడు కదా. అతని ముందు ఎనిమిది బ్లాకులు పెట్టి "నాకు మూడు ఇవ్వు" అనమనండి. ఈ వయసులో చాలామంది గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. మనస్తత్వవేత్త కారెన్ విన్ 1990లలో ప్రచురించిన పరిశోధనల్లో చూపించింది ఇదే: పిల్లలకి ముందు "ఒకటి" అర్థమవుతుంది, కొన్ని నెలలకి "రెండు", ఆ తర్వాత "మూడు". వరస అప్పజెప్పడం వేరు, ఎన్ని ఉన్నాయో తెలియడం వేరు. రెండోది రావడానికి చేయాల్సింది రోజూ చేసే పనుల్లోనే ఉంది: ఒక్కో కుర్చీకి ఒక్కో గిన్నె పెట్టించడం, "నీకు రెండు, నాకు రెండు" అని పంచించడం, మెట్లు ఎక్కేటప్పుడు లెక్కపెట్టడం. మూడు దాటకుండా నిజంగా లెక్కపెట్టడం, ఇరవై దాకా పాడడం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

రాయడానికైతే చేయి ఇంకా సిద్ధం కాలేదు. రెండేళ్లవాళ్లు క్రేయాన్‌ని పిడికిలితో పడతారు, మూడో ఏడు నడుస్తుండగా వేళ్లన్నీ కిందికి తిప్పి పడతారు. మూడు వేళ్ల పట్టు చాలామందికి మూడున్నర, నాలుగేళ్ల తర్వాతే. ఇప్పుడు పెన్సిలిచ్చి చుక్కలు కలిపిస్తే తప్పు పట్టు అలవాటవుతుంది, దాన్ని తర్వాత మాన్పించడం కష్టం. బదులుగా వేళ్లకి బలం వచ్చే పనులు పెట్టండి: కాగితం చింపడం, పెద్ద పూసలు గుచ్చడం, మూతలు తిప్పడం, స్పాంజి పిండడం, పట్టకారుతో దూది ఉండలు తీయడం. క్రేయాన్లని మూడు సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి ఇవ్వండి. ముక్క చిన్నదైతే పిడికిలి పట్టదు, వేలికొసలతోనే పట్టుకోవాలి. విరిచిన ముక్క గొంతులో పడే కొలతే కాబట్టి టీచరు కూర్చున్న బల్ల దగ్గర మాత్రమే ఇవ్వాలి, ఇంకా నోట్లో పెట్టుకునేవాళ్లకి లావు క్రేయాన్ ఇవ్వాలి. కాగితాన్ని గోడకి, పిల్లల కళ్ల ఎత్తున అంటించండి. నిలబడి గీస్తే భుజం, మణికట్టు రెండూ పని చేస్తాయి.

ముద్ద పిండి అన్నిటికన్నా చవకైన సామాను. రెండు కప్పుల గోధుమపిండి, ఒక కప్పు ఉప్పు, ఒక పెద్ద చెంచా నూనె, సుమారు కప్పు గోరువెచ్చటి నీళ్లు. నీళ్లు ఒకేసారి పోయకండి. చేతికి అంటుకుంటే కాస్త పిండి, పగుళ్లిస్తే చెంచాడు నీళ్లు చేర్చండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టినా రెండు మూడు రోజులకి తేమ ఊరుతుంది, అది ఉప్పు గుణం, కొంచెం పిండి కలిపితే సరిపోతుంది. వాసనొస్తే పారేయండి. క్లాసులో ఎవరికైనా జబ్బు చేసినా ఆ ముద్ద పారేయాల్సిందే. ఉప్పు ఎక్కువ కాబట్టి తినకుండా చూడాలి, గోధుమ పడని పిల్లలుంటే బియ్యప్పిండితో చేయాలి. ముద్ద బాగా విరుగుతుంది, అయినా పరవాలేదు.

తల్లిదండ్రులకి వారానికోసారి రెండు వాక్యాలు రాసి పంపండి. "ఈ వారం చెప్పు తనే వేసుకుంది. 'నీళ్లు ఇవ్వు' అని రెండు మాటలు కలిపి అంది" అని. ఇలా రాస్తుంటే అక్షరాల ప్రశ్న చాలావరకు ఆగిపోతుంది. ఆగనివాళ్లూ ఉంటారు. ఇంట్లో మాట్లాడే భాష బడి భాష ఒకటి కాకపోతే, ఇంటి భాష మానేయొద్దని గట్టిగా చెప్పండి. అలాంటి పిల్లలు బడిలో కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు నోరు విప్పకపోవచ్చు. ఇంట్లో చక్కగా మాట్లాడుతుంటే కంగారు అక్కర్లేదు.

కంగారు పడాల్సింది వేరే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ జాబితా ప్రకారం రెండున్నరేళ్లకి చాలామంది పిల్లలు యాభై మాటల దాకా అంటారు, క్రియతో సహా రెండు మాటలు కలుపుతారు. మూడేళ్లకి అటూ ఇటూ కనీసం రెండుసార్లు మాట మార్చుకుంటారు. ఏ భాషలోనూ దీనికి దరిదాపుల్లో లేని పిల్లవాడుంటే, పిలిస్తే తిరిగి చూడకపోతే, ఇంతకుముందు వచ్చిన మాటలు పోతుంటే ఆగకుండా డాక్టరుకి చూపించమనండి, ముందుగా వినికిడి పరీక్ష చేయించమనండి. జలుబుల తర్వాత చెవి లోపల నీరు నిలిచి కొన్ని వారాలు సరిగా వినపడకపోవడం ఈ వయసులో మామూలే. మాట వినని పిల్లవాడు, ఊరికే కొరికే పిల్లవాడు అని మీరు రాసుకున్నవాళ్లలో సరిగా వినపడనివాళ్లు కూడా ఉండొచ్చు. వెనక నుంచి మామూలు గొంతుతో పేరు పిలిచి చూడండి, అనుమానం వస్తే ఆ రోజే ఇంట్లోవాళ్లకి చెప్పండి.